పదకొండో వచనానికి ముందు

పోయినేడు నా ఉద్యోగం పోయినప్పుడు మూడు రోజుల్లో పద్నాలుగుసార్లు వాట్సాప్‌లో ఒకే వచనం వచ్చింది. బైబిల్లోని యిర్మీయా గ్రంథం 29:11. సూర్యోదయం బొమ్మ మీద పసుపు అక్షరాలతో "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని. పంపినవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే. కొన్నిటి కింద మాత్రం "ఈ నెలలోనే నెరవేరుతుంది, ఆమెన్ అని టైప్ చేయండి" అని ఉంది.

ఆ వారంలోనే జమ్మలమడుగు నుంచి మా జేజి ఫోన్ చేసింది. చూపు తగ్గి తను చదవలేదు. "బైబిల్ తీయి నాయనా, మొదట్నుంచి చదువు, నేనింటా" అంది.

చదివాను. అది యెరూషలేము నుంచి బబులోను చెరలో ఉన్న యూదులకు వెళ్లిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అంటాడు యిర్మీయా ప్రవక్త. పరాయి దేశంలో ఉన్న మనకు ఇంతకంటే దగ్గరి మాట ఏముంది? వాళ్లు తిరిగి రావడం డెబ్బై ఏళ్లు గడిచాకే అని పదో వచనంలో ఉంది. పదకొండోది ఆ తర్వాతే. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలోనే అంతా తిరిగొస్తుందని చెబితే, అది అబద్ధమని యిర్మీయా అతని మొహం మీదే అన్నాడు. "ఈ నెలలోనే" అని మనం అతికించే మాట ఆ హనన్యా మాటే.

ఫోన్‌ను తప్పుపట్టను. కడప చుట్టుపక్కల పల్లెల నుంచి కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఎందరో ఆడవాళ్లకు రాత్రిపూట ఫోన్‌లో వినే వాక్యమే చర్చి. నా బాధంతా బొమ్మలో పట్టేది రెండు లైన్లే కావడం. స్టేటస్ 24 గంటల్లో పోతుంది. దానికి తగ్గట్టు తియ్యటి వచనాలనే ఏరుకుంటున్నాం. బైబిల్లోని ఏడుపు పాటల పుస్తకం విలాపవాక్యములు ఎవరి స్టేటస్‌లోనైనా చూశారా? డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీసుకునే వాగ్దానపు కార్డూ ఒక్క వచనమే, నిజమే. కానీ అది ఏడాదంతా బైబిల్లోనే ఉండేది, తెరిచినప్పుడల్లా చుట్టూ ఉన్న అధ్యాయం కంటపడేది.

లండన్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్లు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. చదువు రాని మన ముందుతరాలవాళ్లు వాక్యాన్ని ఎవరో చదువుతుంటే విని నేర్చుకున్నారు. వాయిస్ మెసేజ్‌తో అదే పని చేయొచ్చు. ఈ ఉత్తరంలో మొదటి పద్నాలుగు వచనాలు చదవడానికి రెండు మూడు నిమిషాలు చాలు. కష్టంలో ఉన్నవాళ్లకు మీ గొంతుతో చదివి పంపండి.

జేజి ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తోంది. పోయిన వారమే ఆమోసు ప్రవక్త గ్రంథం మొదలుపెట్టాం.