లైసెన్స్ తిరిగి ఇచ్చేటప్పుడు ఏం అడగాలి?

డాక్టర్ లైసెన్స్ రద్దయితే పేపర్లో వస్తుంది. కొన్నేళ్లకు అదే లైసెన్స్ తిరిగొస్తే మాత్రం ఎవరికీ తెలియదు. రోగికి ఆ రెండో నిర్ణయమే ముఖ్యం. రేపు ఆ డాక్టర్ ముందు కూర్చునేది తనే కదా.

సస్పెన్షన్ వేరు, రద్దు వేరు. సస్పెన్షన్‌కు గడువు ఉంటుంది. విచారణ తేలేలోపు రోగులకు హాని జరగకుండా తాత్కాలికంగా కూడా విధిస్తారు. రద్దంటే డాక్టర్ల రిజిస్టర్‌లోంచి పేరే తీసేస్తారు. అదీ చాలాచోట్ల శాశ్వతం కాదు. బ్రిటన్‌లో పేరు తొలగించిన డాక్టర్ ఐదేళ్ల తర్వాత మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

ఈ అవకాశం ఉండాల్సిందే అంటాను. అయితే దరఖాస్తు వచ్చినప్పుడు లైసెన్సులిచ్చే మెడికల్ కౌన్సిళ్లు “పడిన శిక్ష సరిపోయిందా?” అని ఆలోచిస్తే పొరపాటు. “ఇప్పుడు ఇతని దగ్గరికి రోగిని పంపొచ్చా?” అన్నదే అడగాలి.

ఆ ప్రశ్న సరిగ్గా అడగకపోతే ఏమవుతుందో బ్రిటన్ డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్ ఉదంతం చూపిస్తుంది. తను అలవాటు పడిన పెథిడిన్ అనే మత్తు కలిగించే నొప్పి మందు కోసం దొంగ ప్రిస్క్రిప్షన్లు రాశాడని 1976లో బ్రిటన్ కోర్టు అతనికి జరిమానా వేసింది. అక్కడ డాక్టర్ల రిజిస్టర్ చూసే జనరల్ మెడికల్ కౌన్సిల్ హెచ్చరిక లేఖతో సరిపెట్టింది. సస్పెన్షన్ లేదు, షరతులు లేవు. మరుసటి ఏడాదే కొత్త ఊళ్లో ప్రాక్టీసు మొదలుపెట్టాడు. అతను 215 మంది రోగులను చంపాడని 2002లో విచారణ నివేదిక తేల్చింది. వాళ్లలో దాదాపు అందరూ ఆ జరిమానా తర్వాత చనిపోయినవాళ్లే.

మత్తుకు అలవాటు పడిన డాక్టర్లంతా ప్రమాదకారులని దీనర్థం కాదు. అలా అనుకోవడం అన్యాయం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇలాంటి డాక్టర్లకు చికిత్స ఇప్పించి, ఏళ్ల తరబడి చెప్పకుండా పిలిచి మూత్ర పరీక్షలు చేస్తారు. 16 రాష్ట్రాల్లో 904 మందిని గమనించిన అధ్యయనం 2008లో వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది మత్తుకు దూరంగా ఉంటూ వృత్తిలో నిలదొక్కుకున్నారు. గట్టి నిఘా ఉండబట్టే ఇది సాధ్యమైందని నా నమ్మకం. లైసెన్స్ పోతే ఇక జన్మలో రాదన్న టెన్షన్ ఉంటే జబ్బును దాచుకుంటారు, దాచుకున్నంతకాలం రోగులను చూస్తూనే ఉంటారు. నర్సులకైనా, ఫార్మసిస్టులకైనా ఇదే వర్తిస్తుంది.

అందుకే లైసెన్స్‌ను ఒక్కసారిగా పూర్తిగా ఇచ్చేయకూడదు. మొదట సీనియర్ పర్యవేక్షణలో పని, మత్తుమందులు రాసే అధికారంపై పరిమితి, గడువు పెట్టి సమీక్ష ఉండాలి. చికిత్స వివరాలు గోప్యంగానే ఉంచొచ్చు. పనికి పెట్టిన షరతులు మాత్రం రిజిస్టర్‌లో ఆ పేరు పక్కనే, అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు రోగి చూసుకునేలా, మామూలు భాషలో రాసి ఉండాలి.