సివిల్ పట్టా: లెక్కలు సరే, అనిశ్చితి మాటేమిటి?

సివిల్ ఇంజినీరింగ్ పట్టాకు ఏమేం చదవాలని ఎక్కడ అడిగినా జవాబులో పెద్ద తేడా ఉండదు. పాఠశాల చదువు ముగిసేసరికి గణితం, భౌతికశాస్త్రం గట్టిగా వచ్చి ఉండాలి. ఆపైన సాధారణంగా నాలుగేళ్ల చదువు. యూరప్‌లో చాలాచోట్ల మూడేళ్ల డిగ్రీ మీద మరో రెండేళ్ల మాస్టర్స్ చేస్తారు. అమెరికాలో కోర్సులకు గుర్తింపునిచ్చే అబెట్ సంస్థ గణితం, మౌలిక విజ్ఞానశాస్త్రాలకు కనీసం 30 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజినీరింగ్ అంశాలకు కనీసం 45 క్రెడిట్లు ఉండాలంటుంది. 1989 నాటి వాషింగ్టన్ ఒప్పందంలో చేరిన సంస్థలు ఒకరు గుర్తించిన కోర్సులను మరొకరు సమానస్థాయివిగా ఒప్పుకోగలుగుతున్నాయంటే, ఈ చట్రం ఇంచుమించు అంతటా ఒకేలా ఉండబట్టే.

చట్రంతో నాకు పేచీ లేదు, అందులో దేనికెంత బరువు ఇస్తున్నామన్న దగ్గరే పేచీ. కలన గణితం నుంచి అవకలన సమీకరణాల దాకా ప్రతి లెక్కకూ ఒకే సరైన జవాబు ఉంటుందని అలవాటు చేసి, ఏ రెండు చోట్లా ఒకేలా ఉండని మట్టి, ఏ రెండు కలయికల్లోనూ అచ్చంగా ఒకటి కాని కాంక్రీటు, ఎప్పుడొస్తుందో తెలియని వరదల మధ్యకు విద్యార్థిని పంపుతున్నాం. వీటితో వ్యవహరించడానికి అక్కరకొచ్చే సంభావ్యత, గణాంకశాస్త్రం మాత్రం చాలా సిలబస్‌లలో ఒక్క పేపరుతో ముగిసిపోతాయి. అదీ పాచికలు, పేకముక్కల లెక్కలతో.

ల్యాబులో జరిగేదే చూడండి. తడి కాంక్రీటు ఎంత పలుచగా ఉందో చూసే 300 మిల్లీమీటర్ల ఎత్తున్న స్లంప్ కోన్‌లో కాంక్రీటును పొరలుగా నింపి, ఒక్కో పొరను కడ్డీతో 25 సార్లు కుమ్మి, కోన్‌ను నిలువునా పైకి తీసి ముద్ద ఎంత కుంగిందో కొలుస్తారు. అదే కాంక్రీటుతో 150 మిల్లీమీటర్ల క్యూబులు ఆరు పోసి, నీళ్లలో క్యూరింగ్ చేసి, 28వ రోజున యంత్రంలో పెట్టి నలిపితే ఆరూ ఆరు అంకెలు చూపిస్తాయి. అసలు పాఠం అక్కడే ఉంది. మొత్తం పరీక్షా ఫలితాల్లో నూటికి ఐదుకు మించి ఏ బలానికి దిగువన పడవని ఆశిస్తామో దాన్నే క్యారెక్టరిస్టిక్ స్ట్రెంత్ అంటారు. ఆ నిర్వచనం ఎందుకు పుట్టిందో ఆ ఆరు అంకెలు చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. కానీ రికార్డులోకి ఎక్కేది సగటు ఒక్కటే. నచ్చని అంకెను సీనియర్ల రికార్డు చూసి ‘సరిచేయడం’ కూడా ల్యాబు సంగతులు తెలిసినవారికి కొత్త కాదు.

‘వందేళ్ల వరద’ అంటే వందేళ్లకోసారి వచ్చేదని అనుకోవడం ఇలాంటి చదువు ఫలితమే. ఏ ఏడాదైనా అంతటి వరద రావడానికి 1 శాతం అవకాశం ఉందని దాని అర్థం. ఆ లెక్కన 50 ఏళ్లు నిలవాల్సిన వంతెన ఆ కాలంలో ఒక్కసారైనా దాన్ని ఎదుర్కొనే అవకాశం దాదాపు 40 శాతం.

గణితం తగ్గించమని నేను అనడం లేదు. 1981లో కాన్సస్ సిటీలోని ఒక హోటల్లో వేలాడే నడవాలు కూలి 114 మంది చనిపోయారు. రెండు నడవాలనూ పైకప్పు నుంచి దిగే ఒకే కడ్డీకి వేలాడదీయాల్సి ఉండగా, కడ్డీని రెండుగా చేసి కింది నడవాను పై నడవాకే తగిలించారు. దాంతో పై నడవా దూలం కింద ఉండే నట్టు మీద బరువు రెట్టింపైంది. ఇది మొదటి ఏడాదిలో చెప్పే స్టాటిక్స్ (కదలకుండా నిలిచిన వాటిపై పడే బలాల) లెక్క; ఆ మార్పు దగ్గర దాన్ని ఎవరూ వేసి చూడలేదు.

అనిశ్చితిని నేర్పకపోవడమనే లోటు మట్టి విషయంలో మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సాయిల్ మెకానిక్స్ (మట్టి బలాన్ని చదివే శాస్త్రం) పరీక్షలో పొరల మందం, మట్టి బలాన్ని చెప్పే కోహెషన్, ఘర్షణ కోణం అన్నీ ప్రశ్నలోనే ఇచ్చేస్తారు. సైట్‌లో ఉండేది మట్టిని పరీక్షించడానికి 30 మీటర్ల దూరంలో వేసిన రెండు బోర్లు. ఆ మధ్యలో ఏముందో ఎవరూ ఇవ్వరు. చివరి ఏడాది డిజైన్ ప్రాజెక్టులో అలాంటి అరకొర బోర్ లాగులే (బోరులో ఏ లోతున ఏ మట్టి ఉందో రాసిన నమోదులే) ఇచ్చి, పునాదితో పాటు, మూడో బోరుకు మాత్రమే డబ్బుంటే దాన్ని ఎక్కడ వేస్తారో, ఎందుకో రాయమనాలి. ఆ ఒక్క జవాబుకు సగం మార్కులు పెట్టినా ఎక్కువ కాదు.