సాక్ష్యమా, రుజువా?

ప్రార్థన కూడికలో ఒకావిడ సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడుతుంది. బిడ్డ పోయిన రాత్రి ఎవరో భుజం మీద చెయ్యి వేసినట్టయిందని, ఆ రాత్రి గడిచిందంటే దేవుడి దయేనని గొంతు పూడుకుపోతుండగా చెబుతుంది. అదే సంగతి ఒక హేతువాది చెవిన పడితే ఆ సాక్ష్యం కాస్తా బోనెక్కుతుంది. ఇంకెవరైనా చూశారా? నిద్రలేక కలిగిన భ్రమ కాదని నమ్మకమేమిటి? ఆమె వాదన గెలవడానికి ఆ మాట చెప్పలేదు. ఆయన అడిగిందీ తప్పు కాదు. విశ్వాసులకూ సంశయవాదులకూ నడుమ తగాదాల్లో సగం ‘సాక్ష్యం’ అన్న ఈ ఒక్క మాటను చెరో అర్థంలో వాడుకోవడం వల్లే వస్తున్నాయని మా అభిప్రాయం.

అనుభవాన్ని చాదస్తమని కొట్టిపారేసేవారు బ్లెయిజ్ పాస్కల్‌ను తలచుకోవాలి. సంభావ్యతా గణితానికి పునాది వేసినవారిలో ఆయనొకరు. 1654 నవంబరు 23 రాత్రి దాదాపు రెండు గంటలపాటు తనకు కలిగిన దైవానుభూతిని కాగితం మీద రాసుకున్నారు. పైన ‘అగ్ని’ అన్న ఒక్క మాట. కింద అబ్రాహాము దేవుడే గాని తత్వవేత్తల, పండితుల దేవుడు కాదని. 1662లో ఆయన చనిపోయాక, కోటు లోపలి గుడ్డలో కుట్టి ఉన్న ఆ కాగితం సేవకుడి కంటపడింది. దాన్ని ఆయన వాదనకు వాడుకోలేదు.

‘నాకు నెమ్మది దొరికింది’ అనడం వేరు, ‘నా కణితి మాయమైంది’ అనడం వేరు. రెండోదానికి స్కానింగు కాగితాలుంటాయి, చూపించమంటే నొచ్చుకోనక్కర్లేదు. ఫ్రాన్స్‌లోని క్యాథలిక్ పుణ్యక్షేత్రం లూర్దులో స్వస్థత పొందామన్నవారి కేసులను వైద్యులే పరిశీలిస్తారు. నమోదైనవి ఏడు వేలు దాటినా చర్చి అద్భుతాలుగా గుర్తించినవి వందలోపే. ఇక మందులు మానేసి ప్రార్థనే చాలనేవారి దగ్గర మర్యాద కోసం నోరు మూసుకోవడం మాకు సమ్మతం కాదు.

ఏళ్ల తరబడి మోకరించినా ఏ జవాబూ రాలేదని సంఘం వదిలి వచ్చినవారూ ఉన్నారు. వారిదీ అనుభవమే. ‘నీకు విశ్వాసం చాలలేదు’ అని వారిని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ‘అదంతా మెదడు చేసే మాయ’ అనడం ఎంత మొరటో, ఇదీ అంతే.

హేతువాది పేరెత్తితేనే ఉలిక్కిపడే బోధకులు బైబిల్లో పేతురు రాసిన మొదటి పత్రిక (లేఖ) మరోసారి తెరవాలి. ‘హేతువు అడుగు ప్రతివానికిని’ సమాధానం చెప్పమనే అందులో ఉంది, అదీ ‘సాత్వికముతోను భయముతోను’. 1948లో బీబీసీ రేడియోలో సంశయవాది అయిన తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్‌తో వాదించిన జెస్యూట్ (క్యాథలిక్ సన్యాసి సంఘానికి చెందిన) ఫాదర్ ఫ్రెడరిక్ కోపుల్‌స్టన్‌కు ఈ సంగతి తెలుసు. మతానుభవం తిరుగులేని రుజువేమీ కాదని ఆయనే ముందుగా ఒప్పుకున్నారు. దేవుడున్నాడనుకుంటే ఆ అనుభవానికి మెరుగైన వివరణ దొరుకుతుందని మాత్రమే వాదించారు. రస్సెల్ ఒప్పుకోలేదు. ఇద్దరూ ఎక్కడివారక్కడే ఉన్నా, దేని మీద తేడా వచ్చిందో విన్నవారికి తెలిసింది.

యేసు తిరిగి లేచాడని తోటి శిష్యులు చెబితే, ఆయన మేకుల గాయాల్లో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్నాడు తోమా. ఎనిమిది రోజుల తర్వాత, తలుపులు మూసిన ఆ ఇంట్లో, అతనూ మిగతా శిష్యుల మధ్యే ఉన్నాడు. ఆ ఎనిమిది రోజులూ వాళ్లేం మాట్లాడుకున్నారో యోహాను తన సువార్తలో రాయలేదు.