కోడిపిల్లకు మనమంటే నమ్మకం ఎందుకుండాలి?

మేడ మీదో పెరట్లోనో నాలుగు కోళ్లు పెంచడం ఇప్పుడు ఫ్యాషన్. హైదరాబాద్ రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు పెరటి పెంపకానికని తయారుచేసిన వనరాజా రకం కోడిపిల్లల్ని తెచ్చిన మర్నాటి నుంచే అందరిదీ ఒకటే కంప్లైంట్: మనిషి కనిపిస్తే చాలు, మూలకు పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయండీ! మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వెచ్చదనం, వేళకు దాణా, అద్దె లేని ఇల్లు, ఇన్ని ఇచ్చినా విశ్వాసం లేదు. ఆదివారం పొద్దున మనం ఏ కొట్టు ముందు క్యూ కడతామో వాటికెవరో చెప్పినట్టున్నారు.

తప్పు పిల్లదే, సందేహం లేదు. ప్రేమగా పైనుంచి చెయ్యి చాపితే గద్ద దిగిందనుకుంటుంది. చెరో పక్కన కళ్లు పెట్టుకుని 300 డిగ్రీల మేర చూడగల ప్రాణికి మన మంచి మనసు ఒక్కటే కనపడకపోవడం శోచనీయం.

సరే, మచ్చిక చేయాలంటే ముందు మీరు కింద కూర్చోవాలి. ఆఫీసులో ఎంత పెద్దమనిషైనా సరే, గూడు ముందు లుంగీ ఎగగట్టి గొంతుక్కూర్చోవాల్సిందే. వాటివైపు గుడ్లప్పగించి చూడకూడదు, టెన్షన్ పడతాయి. అరచేతిలో నూకలు పెట్టండి. లొంగకపోతే చెదలు పట్టిన మట్టిపెళ్ల తెచ్చి విదిలించండి. గుంపులో ధైర్యస్తురాలు ఒకతి మెడ మాత్రం ముందుకు సాచి, కాళ్లు పారిపోవడానికి వెనకే ఉంచి, ఒక్క పురుగు లాక్కుని పరుగందుకుంటుంది. మీ చేతినిండా చెదలుండగా మిగతావన్నీ దాని నోట్లోది గుంజుకోవడానికే వెంటపడతాయి! (ఈ ఒక్క విషయంలో మాత్రం మనవాళ్లే అనిపిస్తుంది.) ఇక రోజూ అదే వేళ, అదే "బ్బబ్బబ్బ" పిలుపు. తొందరపడి తరిమి పట్టుకున్నారో, అంతా గంగపాలు. తప్పదంటే చీకటి పడ్డాక, గూట్లో కునికేటప్పుడు రొమ్ము కింద చెయ్యి ఆన్చి ఎత్తండి.

కొన్నాళ్లకు వచ్చి మోకాలెక్కుతుంది. చిట్టి అని పేరు పెట్టేస్తారు. ఇంతలో కనుమకు బావగారు దిగుతారు. మీ ట్రైనింగ్ పుణ్యమా అని చిట్టి మర్యాదగా ఎదురెళ్తుంది. ఆయన దాన్ని రెక్కలు పట్టి లేపి, ఒకసారి ఊపి చూసి, "రెండు కిలోలు తూగుద్ది బావా, గారెలకి పప్పు నానేశారా?" అంటాడు.

కాబట్టి మచ్చిక కార్యక్రమం గూటితో ఆపకండి. బావగార్ని కూడా నెమ్మదిగా కింద కూర్చోబెట్టి, కళ్లలోకి చూడకుండా, ఉత్త గారెలే చేతిలో పెట్టి అలవాటు చెయ్యండి. పండక్కి నెల ముందు నుంచే మొదలెడితే మంచిది.