సుల్తాన్ తల చెక్కిందెవరు?

తలపాగా, గుబురు గడ్డం, దర్పం నిండిన చూపు. మీర్‌షామ్ అనే తెల్లరాయిలో చెక్కిన పొగతాగే పైపుల మీద తరచూ కనిపించే బొమ్మ ఈ సుల్తాన్ తలే. రాయి టర్కీది, ముఖమూ టర్కీదే. కానీ 19వ శతాబ్దంలో ఆ పైపులతో పేరూ డబ్బూ సంపాదించుకున్నది వియన్నా.

టర్కీలోని ఎస్కిషెహిర్ చుట్టుపక్కల లోతైన గుంతలు తవ్వి ఈ తెల్లరాయిని గడ్డలుగా పైకి తీస్తారు. ఆరితే నీళ్లమీద తేలేంత తేలిక. తడిగా ఉన్నప్పుడు చాకుకు సబ్బులా లొంగుతుంది. చెక్కి, ఆరబెట్టి, నున్నగా రుద్ది, కరిగిన తేనెమైనంలో ముంచుతారు. మిగతా పని తాగేవాడిది. ఏళ్ల తరబడి కాలిస్తే తెలుపు తేనెరంగుకు, ఆపైన ముదురు గోధుమకు తిరుగుతుంది. నన్నడిగితే చెక్కడం కన్నా ఈ రంగే పెద్ద ఆడంబరం. శిల్పాన్ని డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. రంగు సమంగా పట్టాలంటే మాత్రం బోలెడు తీరిక కావాలి, అది అందరికీ ఉండేది కాదు.

ఒట్టోమన్ టర్కీ ఇళ్లలో హోదా చూపించే పద్ధతే వేరు. 1633లో సుల్తాన్ నాలుగో మురాద్ పొగాకును నిషేధించి, తాగినవాళ్లకు మరణశిక్ష వేయించాడు. అయినా అలవాటు చావలేదు. తర్వాతి కాలంలో అతిథికి కాఫీతోపాటు చిబూక్ అనే పొడుగు పైపు అందించడం మర్యాదైంది. దాని గిన్నె చిన్న మట్టిది. గొప్పంతా పొడుగాటి గొట్టంలో, అంబర్ పీకలో, దాన్ని పట్టుకొచ్చే నౌకరులో ఉండేది. (సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ హుక్కాలు చూసినవాళ్లకు ఈ దర్జా కొత్తేమీ కాదు.) అంటే పైపు మీది సుల్తాన్ యూరప్ ఊహించుకున్న సుల్తాన్.

పేదవాళ్లకూ ముఖాల పైపులుండేవి. ఫ్రాన్స్‌లోని జివేలో గాంబియే కర్మాగారం అచ్చుల్లో ఒత్తి మట్టి తలలు చవగ్గా అమ్మింది. వాటిలో రాజకీయ నాయకుల తలలూ ఉండేవి. నచ్చని నాయకుడి నెత్తిన నిప్పు పెట్టే సరదా కొద్దిపాటి చిల్లరకే దొరికేది. బెర్లిన్‌లో అయితే 1848 విప్లవం దాకా వీధిలో పొగ తాగడమే నిషిద్ధం.

ముడిరాయి ఎగుమతిని టర్కీ 1970ల్లో గానీ ఆపలేదు. చెక్కే పని గనుల దగ్గరికి తిరిగొచ్చింది. సరైన నిర్ణయమే, కానీ చాలా ఆలస్యమైంది. క్రిమియా యుద్ధం తర్వాత యూరప్‌లో పాకిన సిగరెట్టు, ఫ్రాన్స్‌లోని సెయింట్-క్లోడ్ ఊరి చెక్క పైపులు అప్పటికే మీర్‌షామ్ గిరాకీని చాలావరకు మింగేశాయి. కొనేవాళ్లలో మిగిలినవాళ్లు ఎక్కువమంది విదేశీ సేకరణదారులు. వాళ్ల కోసం ఎస్కిషెహిర్ పనివాళ్లు నేటికీ సుల్తాన్ తలలే చెక్కుతున్నారు.