దసరాకు ఢిల్లీ, సంక్రాంతికి తిరువనంతపురం: తిప్పి పెట్టుకోకండి

బడి సెలవుల లిస్టు బయటికి రాంగనే నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే పంచాయితీ. పిల్లలను తీసుకొని ఢిల్లీ పోవుడా, తిరువనంతపురం పోవుడా? ఒకరు ఎర్రకోట ఫొటో పెడతరు, ఇంకొకరు పద్మనాభస్వామి గోపురం పెడతరు. దేశ రాజధాని చూడకుంటే ఎట్ల అని ఒకాయన, సముద్రం ఉన్న రాజధాని ఇంకెక్కడుందని ఇంకొకామె. ఎవ్వరూ అడగని ముచ్చట ఒక్కటే: సెలవులు ఎప్పుడు? రెండూ మంచి ఊర్లే. కానీ ఒకటి బాగుండే నెలలో రెండోది ఆగమాగం ఉంటది. అందుకే ఊరి గొప్పలు పక్కన పెట్టి ముందు క్యాలెండర్ చూడమంటున్న.

మనోళ్లు ఎక్కువగా చేసే తప్పు సంక్రాంతి సెలవులకు ఢిల్లీ పెట్టుకునుడు. డిసెంబర్ సగం నుంచి జనవరి ఆఖరి దాకా అటు పొగమంచు. డ్రైవర్‌కు సిగ్నల్ కనిపించదు కాబట్టి స్పీడు తగ్గిస్తరు, ముందు బండి ఆగితే వెనకవన్నీ ఆగుతయి. ఝాన్సీ దాటినంక గంటలు గంటలు లేటు మామూలే. పోయేటప్పుడే కాదు, వచ్చేటప్పుడు కూడా తిప్పలే. ఆలస్యంగా చేరిన బోగీలనే కడిగి వెనక్కి పంపాలె కదా, తిరుగు బండి కూడా లేటుగానే కదులుతది. రాత్రిళ్లు 5, 6 డిగ్రీలు. నల్గొండలో కొన్న స్వెట్టర్ ఆ చలికి ఆనదు, చవక లాడ్జీల్లో హీటర్ ఉండదు. పొద్దున పది దాకా కుతుబ్ మీనార్ కింద నిలబడి చూసినా పైభాగం కనిపించని రోజులుంటయి. దానికి తోడు రిపబ్లిక్ డే రిహార్సల్స్, కర్తవ్యపథ్ చుట్టూ రోడ్లు మూస్తుంటరు. ఇంత ఖర్చు పెట్టి మంచు చూసి రావుడెందుకు?

ఎండాకాలం సెలవుల సంగతి ఎక్కువ చెప్పేది లేదు. మే నెల ఢిల్లీలో 45 డిగ్రీలు, ఆ ఎండ కావాలంటే మిర్యాలగూడలోనే దొరుకుతది. జూన్ మొదటికి కేరళలో వానలు దిగుతయి. రెండూ వద్దు.

దసరా సెలవులు మాత్రం ఢిల్లీ కోసమే ఇచ్చినట్టుంటయి. వానలు వెనక్కి పోయి ఉంటయి, పొగ ఇంకా పట్టదు. పొగ దీపావళి దగ్గరికొస్తుంటే మొదలై నవంబర్ అంతా పీడిస్తది. బతుకమ్మ ఎట్ల అంటరా? ఎంగిలిపూల బతుకమ్మ ఆడి మర్నాడు బయల్దేరితే సద్దులకు ఇంటికాడ ఉండొచ్చు. తిరువనంతపురంలో అప్పుడు ఈశాన్య రుతుపవనం తయారవుతుంటది, అక్టోబర్ సగం దాటితే మధ్యాహ్నం ఉరుముల వాన ఏ రోజు పడుతదో తెలియదు.

ఢిల్లీకి మన బండి తెలంగాణ ఎక్స్‌ప్రెస్. పొద్దున్నే కదులుతది కాబట్టి నల్గొండోళ్లయినా పాలమూరోళ్లయినా ముందు రాత్రే హైదరాబాద్ చేరాలె. ఈ బండిలో ఒక కిటుకుంది. ఢిల్లీ పోయి మళ్లీ ఆగ్రాకు వెనక్కి రావుడు దండగ. మర్నాడు తెల్లారకముందే ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతది, అక్కడే దిగండి. సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టండి. తాళం లేని బ్యాగు తీసుకోరు, చిన్న తాళాలు ఇంటి నుంచే తీసుకపోవాలె. తాజ్‌మహల్ సూర్యోదయానికి అరగంట ముందు తెరుస్తరు, ఆ టైముకు లైను తక్కువ. టికెట్ 50 రూపాయలు, పైన సమాధి గదిలోకి పోవాలంటే ఇంకో 200. 15 ఏళ్లలోపు పిల్లలకు లేదు. సాయంత్రం బండికి ఢిల్లీ. అయితే గురువారం మాత్రం హైదరాబాద్‌లో ఎక్కొద్దు. శుక్రవారం ఆగ్రాలో దిగుతరు, ఆ రోజు తాజ్ బంద్.

ఢిల్లీలో సోమవారం ఎర్రకోట, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్, నేషనల్ మ్యూజియం అన్నీ మూతే. ఆ రోజుకు కుతుబ్, హుమాయూన్ సమాధి, ఇండియా గేట్ పెట్టుకోండి. న్యూఢిల్లీ స్టేషన్ బయట "మీ హోటల్ మూసేసిన్రు, రోడ్డు బంద్ ఉన్నది" అని ఎవడో ఒకడు వెంట పడతడు, వాడు కమీషన్ హోటల్‌కు తోలుకపోయేటోడు. మాట కలపకుండా అజ్మీరీ గేట్ వైపు దిగి మెట్రో ఎక్కండి. పహాడ్‌గంజ్ వైపు దిగితేనే ఈ బెడద ఎక్కువ. ఇంట్లో పెద్దోళ్లు మూడో రోజుకు రొట్టెల మీద అలుగుతరు, అప్పుడు అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో మధ్యాహ్నం భోజనం. ఒంటిగంట దాటితే జనం కిక్కిరిసి ఉంటరు, పన్నెండున్నరకే పోవాలె.

మనోళ్లు ఎవరూ చూడని జాగ ఒకటి చెప్త. నిజాముద్దీన్ బస్తీ ఇరుకు గల్లీల్లో ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగానీ సమాధి ఉన్నది. ఓరుగల్లు నుంచి పోయిన మనిషి, సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీర్, అంటే ప్రధానమంత్రి అయిండు. పేరులోనే తిలంగానీ. ఢిల్లీలో ఎనిమిది పలకల సమాధి కట్టుడు దీంతోనే మొదలంటరు. ఆయన కొడుకు జునాన్ షా కట్టించిన ఖిర్కీ మసీదు దక్షిణ ఢిల్లీలో ఇంకా నిలబడే ఉన్నది. సమాధి చుట్టూ ఇండ్లు కమ్ముకొని పాడుబడ్డది, ఫొటోకు అందంగా ఏం ఉండదు. అయినా ఎర్రకోట ముందు తీసుకునే నూరో సెల్ఫీ కంటే మనకు ఇది ఎక్కువనిపిస్తది.

ఇగ సంక్రాంతికి తిరువనంతపురం. జనవరిలో పగలు 31, 32 డిగ్రీలు, రాత్రి 22, వాన దాదాపు ఉండదు. శబరి ఎక్స్‌ప్రెస్ నల్గొండ, మిర్యాలగూడలోనే ఆగుతది, హైదరాబాద్ పోయే పనే లేదు. చిక్కల్లా అయ్యప్ప స్వాములే. మకరజ్యోతికి పోయేటోళ్లతో బండి నిండుతది, చెంగన్నూర్‌లో దిగేదాకా బాత్రూమ్ దారిలో కూడా సామానే. నల్గొండ నుంచి టికెట్ తీస్తే చాలాసార్లు వేరే కోటా వెయిటింగ్‌లో పడుతరు, అది కన్ఫర్మ్ అయ్యుడు కష్టం. సికింద్రాబాద్ నుంచి తీసి, బోర్డింగ్ నల్గొండ పెట్టండి. ఛార్జీ కొంచెం ఎక్కువ, అంతే. ఒకసారి నల్గొండ పెట్టినంక సికింద్రాబాద్‌లో ఎక్కే హక్కు పోతదని గుర్తుంచుకోండి. పాలమూరోళ్లకు కాచిగూడ నుంచి కన్యాకుమారి పక్కనున్న నాగర్‌కోయిల్ పోయే బండి ఉన్నది, కాకుంటే వారానికి ఒక్కసారే.

పద్మనాభస్వామి గుడికి మగవాళ్లు పంచె కట్టాలె, పైన చొక్కా ఉండొద్దు. ఆడవాళ్లకు చీర, లంగా ఓణీ నడుస్తది. చుడీదార్ అయితే దాని మీద పంచె చుట్టాలె. ఫోన్లు లోపలికి రానియ్యరు. పొద్దంతా తెరిచి ఉంటదనుకొని తీరికగా పోతే మూసిన తలుపు చూసి వస్తరు: పొద్దున సేవల మధ్య ముక్కలు ముక్కలుగా దర్శనం, మధ్యాహ్నం మూత, మళ్లీ సాయంత్రం ఐదుకు. 18 అడుగుల మూర్తి మూడు ద్వారాల్లోంచి కనిపిస్తది. మొదటి దాంట్లో ముఖం, శివలింగం మీదికి వాలిన కుడిచెయ్యి. నడిమి దాంట్లో నాభి నుంచి లేచిన కమలం మీద బ్రహ్మ. మూడో దాంట్లో పాదాలు. నెట్టుతరు కాబట్టి ఎక్కడ ఏం చూడాలో ముసలోళ్లకు ముందే చెప్పి పెట్టండి. ఎదురుగ ఉన్న ఒంటిరాతి మండపం మీద సాష్టాంగ పడొద్దు, అది అక్కడి కట్టుబాటు.

ఇక్కడ కూడా సోమవారం జూ, నేపియర్ మ్యూజియం, పద్మనాభపురం ప్యాలెస్ బంద్. ఆ రోజు కోవళం పోండి. కన్యాకుమారి 90 కిలోమీటర్లు, మంగళవారం పెట్టుకుంటే దారిలో తక్కల దగ్గర దిగి ప్యాలెస్ చూడొచ్చు. 1795 దాకా తిరువాంకూరు రాజధాని అదే. వివేకానంద రాక్ పడవలు సాయంత్రం నాలుగుకు ఆపేస్తరు, సెలవుల్లో లైను గంటల కొద్దీ ఉంటది. కాబట్టి ఆ ఒక్క రాత్రి కన్యాకుమారిలోనే పడుకొని పొద్దున మొదటి పడవ పట్టుకోండి.

హోటల్‌లో లేత ఎర్రగా వేడి నీళ్లిస్తరు. మురికి కాదు, పతిముఖం చెక్క వేసి మరిగించినవి, తాగొచ్చు. కూరలో కారం తక్కువ, కొబ్బరినూనె వాసన ఎక్కువ. మామిడికాయ తొక్కు డబ్బా ఒకటి, ఎట్లాగూ పండుగకు చేసిన సకినాలు బ్యాగులో వేసుకోండి.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే. జనవరి 10 ప్రయాణానికి నవంబర్ 11 పొద్దున 8 గంటలకు తెరుస్తరు, 16న తిరిగొచ్చే టికెట్‌కు నవంబర్ 17న. రెండు రోజులూ ఫోన్‌లో అలారం పెట్టుకోండి.