లేని పరీక్ష రాయించమంటున్న ఆ ఫార్వర్డ్ గురించి

మా డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఇంట్లోనే చదివిస్తున్న పిల్లల్ని కాలేజీకి పంపాలంటే లెక్కల్లో ఏ పరీక్షలు రాయించాలో చెప్పే మెసేజ్ అది. అందులో ఉన్నవి నాలుగు మాటలు. ఒకటి, శాట్ సబ్జెక్ట్ టెస్ట్ మ్యాథ్ లెవెల్ 2 తప్పనిసరి. రెండు, కాలేజీ అడ్మిషన్ కోసం రాసే మామూలు శాట్, ఏసీటీలను ఇప్పుడు ఎవరూ అడగడం లేదు, డబ్బు దండగ. మూడు, శాట్ మ్యాథ్‌లో 800 వస్తే ఇంక వేరే ఏదీ అక్కర్లేదు. నాలుగు, హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాల మీద రాసే ఏపీ పరీక్షలు స్కూల్లో చేరిన పిల్లలకే, మనకు క్లెప్ (పాసైతే కాలేజీలో ఆ కోర్సు చదివినట్టే లెక్కించే, అంటే క్రెడిట్ ఇచ్చే పరీక్ష) ఒక్కటే దిక్కు. రెండోదీ మూడోదీ ఒకే మెసేజ్‌లో ఎలా ఇమిడాయో రాసినవాళ్ళకే తెలియాలి.

మా అమ్మాయిని ఏడో తరగతి నుంచీ ఇంట్లోనే చదివించాం. పోయిన ఏడాది కాలేజీలో చేరింది. ఈ నాలుగింటిలో మూడు నేనూ ఒకప్పుడు నమ్మినవే. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి మాటకు జవాబు చిన్నది: ఆ పరీక్ష లేదు. శాట్, ఏపీ, క్లెప్‌లను నడిపే కాలేజ్ బోర్డ్ సంస్థ 2021 జనవరిలో సబ్జెక్ట్ టెస్టులను ఎత్తేసింది. అమెరికాలో అప్పటికప్పుడే ఆపేశారు, బయటి దేశాల్లో ఆ ఏడాది జూన్‌తో ముగించారు. అంతకుముందు ఈ సలహాలో కొంత నిజం ఉండేది. హోమ్‌స్కూల్ పిల్లల్ని ప్రత్యేకంగా సబ్జెక్ట్ టెస్టులు అడిగిన కాలేజీలు ఉండేవి. అప్పటి సలహానే తేదీ చెరిపేసి ఇప్పటికీ తిప్పుతున్నారు. లెవెల్ 2 పుస్తకం ఇప్పటికే కొనేసి ఉంటే పారేయకండి, ప్రీక్యాలికులస్ సాధనకు బాగానే పనికొస్తుంది.

రెండో మాట సగం నిజం, అందుకే ప్రమాదం. కోవిడ్ తర్వాత చాలా కాలేజీలు శాట్‌ను ఐచ్ఛికం చేశాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అయితే అడ్మిషన్‌లో శాట్, ఏసీటీ మార్కుల వైపు అసలు చూడనే చూడదు. మీ అబ్బాయి బర్క్లీకో శాన్ డియేగోకో మాత్రమే దరఖాస్తు చేస్తాడంటే ఈ మాట నిజమే. కానీ ఎంఐటీ 2022 మార్చిలోనే టెస్టు మళ్ళీ తప్పనిసరి అంది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, క్యాల్‌టెక్ అదే బాట పట్టాయి. మన పక్కనే ఉన్న ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ కూడా అదే ఏడాది మార్చిలో ప్రకటించింది.

టెక్సస్‌లో ఇంకో సంగతి ఉంది, ఇది ఆ మెసేజ్ రాసినవాళ్ళకు తెలిసినట్టు లేదు. ఇక్కడి పబ్లిక్ యూనివర్సిటీలు అడ్మిషన్‌లో క్లాస్ ర్యాంకు చూస్తాయి. ఇంట్లో చదివిన పిల్లకు ర్యాంకు ఎక్కడిది? క్లాసులో ఉన్నది తనొక్కతే. అందుకని రాష్ట్ర చట్టం ఒక దారి పెట్టింది: ఆ పిల్లకు వచ్చిన టెస్టు స్కోరే వచ్చిన మిగతా దరఖాస్తుదారుల సగటు ర్యాంకును ఆమె ర్యాంకుగా తీసుకోవాలి. అంటే స్కూలు పిల్లలకు శాట్ అనేది మార్కుల పక్కన ఇంకో అంకె అయితే, మన పిల్లలకు అదే ర్యాంకు అవుతుంది.

చట్టం సంగతి అలా ఉంచి, మామూలుగా ఆలోచించినా తెలుస్తుంది. మా అమ్మాయి ట్రాన్‌స్క్రిప్ట్‌లో (మార్కుల జాబితాలో) ఆల్జీబ్రా 2కి 'A' గ్రేడు వేసింది నేనే, సంతకం పెట్టిందీ నేనే. కాకి పిల్ల కాకికి ముద్దు అన్న సంగతి అడ్మిషన్ ఆఫీసర్‌కు తెలియదా? 'ఐచ్ఛికం' అన్న కాలేజీకి కూడా బయటివాళ్ళు దిద్దిన పేపరు ఒకటి పంపడం మనకే మంచిది.

శాటా, ఏసీటీనా అన్నదానికి ఎక్కువ టెన్షన్ పడకండి. రెండిట్లో ఏదైనా తీసుకుంటారు, రెండూ రాయాల్సిన పని లేదు. ఇంట్లో ఒక్కొక్క మాక్ టెస్టు పెట్టి చూడండి. కాకపోతే పాత పేపర్లతో కాదు. శాట్ అమెరికాలో 2024 మార్చి నుంచి పూర్తిగా కంప్యూటర్ మీదే: మ్యాథ్‌లో 44 ప్రశ్నలు, 70 నిమిషాలు. మొదటి సగం ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండో సగం కష్టమో తేలికో అవుతుంది. ఏసీటీ కూడా 2025లో మారింది. 60 నిమిషాల్లో 60 ప్రశ్నలు పోయి, 50 నిమిషాల్లో 45 అయ్యాయి. సైన్స్ ఇష్టమైతేనే రాయవచ్చు.

ఇక 800 సంగతి. మన ఇళ్ళలో ఆ అంకెకు ఉన్న మోజు చెప్పనక్కర్లేదు, పెళ్ళిచూపుల్లో కూడా చెప్పుకునేలా ఉన్నాం. కానీ ఆ పేపర్లో ఏముంటుందో చూడండి: సమీకరణాలు, క్వాడ్రాటిక్స్, ఎక్స్‌పొనెన్షియల్స్, శాతాలు, డేటా, జామెట్రీ, కొంచెం ట్రిగనామెట్రీ. లాగరిథమ్స్ కూడా ఉండవు, క్యాలికులస్ మాట సరేసరి. పైగా పేపరు మొత్తానికీ క్యాలిక్యులేటర్ వాడుకోవచ్చు. గ్రాఫులు గీసే డెస్మాస్ తెర మీదే ఉంటుంది. గ్రాఫు గీసి ఖండన బిందువు మీద క్లిక్ చేస్తే జవాబు వచ్చేసే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. 800 గొప్పదే, కాదనను. పిల్ల తప్పులు చేయకుండా వేగంగా చేయగలదని అది చెబుతుంది. ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్‌లో క్యాలికులస్ తట్టుకుంటుందని మాత్రం చెప్పదు.

అది చెప్పేది ఏపీ. (ఆంధ్రప్రదేశ్ కాదులెండి, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్.) ఏపీ క్యాలికులస్‌లో కొంత భాగం క్యాలిక్యులేటర్ లేకుండా చేయాలి. ఆరు పెద్ద ప్రశ్నలకు చేత్తో మెట్టు మెట్టుగా రాయాలి. వాటిని టీచర్లు, ప్రొఫెసర్లు కూర్చుని దిద్దుతారు. ఇందులో ఏబీ, బీసీ అని రెండు పరీక్షలు. ఏబీలో కాలేజీ మొదటి క్యాలికులస్ కోర్సు అంతా వస్తుంది. బీసీలో దానితో పాటు సిరీస్, పారామెట్రిక్ లాంటివి ఉంటాయి, అందులోని ఏబీ భాగానికి విడిగా సబ్‌స్కోరు కూడా ఇస్తారు. బీసీలో 5 వస్తే ఎంఐటీ కూడా తన మొదటి క్యాలికులస్ కోర్సు 18.01కి క్రెడిట్ ఇస్తుంది. శాట్‌ను చూడని కాలిఫోర్నియా యూనివర్సిటీలు సైతం ఏపీ స్కోర్లను చూస్తాయి.

ఇది స్కూలు పిల్లలకే అన్నది శుద్ధ అబద్ధం. ఏపీ పరీక్ష రాయడానికి ఏపీ క్లాసులో కూర్చుని ఉండాలన్న నియమం లేదు. నియమం ఉన్నది పేరు దగ్గర: ట్రాన్‌స్క్రిప్ట్‌లో కోర్సు పేరు ముందు 'ఏపీ' అని పెట్టుకోవాలంటే సిలబస్ కాలేజ్ బోర్డ్‌కు పంపి ఆమోదం తీసుకోవాలి. తల్లిదండ్రులు కూడా పంపవచ్చు. అదంతా ఎందుకనుకుంటే 'క్యాలికులస్' అని రాసుకుని, మేలో పరీక్ష రాయించండి.

అసలు కష్టం వేరే ఉంది. శాట్‌కు ఇంట్లో కూర్చుని మనమే రిజిస్టర్ చేసుకోవచ్చు, స్కూల్ కోడ్ అడిగిన చోట హోమ్‌స్కూల్ కోడ్ 970000 ఇస్తే సరిపోతుంది. ఏపీకి అలా కుదరదు. పేపర్లు ఆర్డర్ చేసేది స్కూలు, ఆ గడువు నవంబరు మధ్యలోనే అయిపోతుంది. నేను ఆ సంగతి తెలియక జనవరిలో మొదలుపెట్టాను. ఒక ప్రైవేట్ స్కూలు బయటి పిల్లలకు సీటు లేదంది. ఇంకొకటి సరేనని, మూడు వారాల తర్వాత కుదరదంది. చివరికి ఆలస్య రుసుము కట్టి, నలభై మైళ్ళ దూరంలో రాయించాం. తర్వాత తెలిసింది: టెక్సస్‌లో పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్టు తన పిల్లలకు పెట్టే ఏపీ, పీఎస్ఏటీ (శాట్‌కు ముందు రాసే నమూనా లాంటిది) పరీక్షలను తన పరిధిలో ఉండే హోమ్‌స్కూల్ పిల్లలకూ రాసే వీలు ఇవ్వాలని చట్టమే ఉంది. అడగాల్సిన చోట అడగకుండా ఊరంతా తిరిగానన్నమాట. ఆగస్టులో బడులు తెరవగానే డిస్ట్రిక్టు ఏపీ కోఆర్డినేటర్‌కు మెయిల్ పెట్టండి. పదకొండో తరగతిలో అయితే అక్టోబరు పీఎస్ఏటీ కూడా అదే మెయిల్లో అడిగేయండి. నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కు చూసేది ఆ ఏడాది రాసినదే.

క్లెప్‌ను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ఏడాది పొడుగునా ఎప్పుడైనా రాయవచ్చు, ఇంటి నుంచీ రాయవచ్చు, ఖర్చు తక్కువ. టెక్సస్, ఫ్లోరిడా పబ్లిక్ కాలేజీల్లో క్రెడిట్ వస్తుంది. కాలేజ్ ఆల్జీబ్రాతో సరిపెట్టుకునే బిజినెస్, నర్సింగ్ లాంటి డిగ్రీలకు చక్కగా సరిపోతుంది. కానీ ఎంఐటీ, హార్వర్డ్ లాంటివి క్లెప్‌కు క్రెడిట్ ఇవ్వవు. ఇంజనీరింగ్ అంటున్న పిల్లకు 'క్లెప్ ఒక్కటే దిక్కు' అని చెప్పడం అన్యాయం.

మెసేజ్‌లో లేనిది ఒకటి, మన తెలుగువాళ్ళకు ముఖ్యమైనది. స్కూలు పిల్లలు తమ స్కూల్ ఐడీ చూపించి పరీక్ష హాల్లోకి వెళ్తారు. మన పిల్లలకు అది ఉండదు, చాలామంది పాస్‌పోర్టే చూపిస్తారు. రిజిస్ట్రేషన్‌లో పేరు దానితో కలవాలి. మా అమ్మాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకటి, కాలేజ్ బోర్డ్ ఖాతాలో వాళ్ళ నాన్న పేరు ఇంటిపేరుగా ఉంది. శాట్‌కు పది రోజుల ముందు చూసుకుని, ఫోన్లో గంటసేపు ఆగి మార్పించుకున్నాం. మీరు ఖాతా తెరిచేటప్పుడే పాస్‌పోర్టు పక్కన పెట్టుకోండి.